రోడ్డున పడ్డ అన్నకు ముందు కావలసింది పూచీ పడే మనిషి

చెల్లెమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. చదివే మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి మీ సంగతి క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీది కదిరి దగ్గర పల్లె. మీ అన్న బెంగళూరులో ఫైనాన్సు మీద కారు తీసుకుని క్యాబు నడిపేవాడు. కంతులు కట్టలేక బండి పోయింది. ఊళ్లో తెచ్చిన వడ్డీ అప్పులు మాత్రం మిగిలాయి. వదిన బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. కొన్ని నెలలుగా ఆయన మెజెస్టిక్ బస్టాండు చుట్టుపక్కల పడుకుంటున్నాడని ఊరివాళ్లు చూసి చెప్పారు. మీరు వెళ్లి పిలిస్తే రానన్నాడు. మందు అలవాటుంది. అయ్యప్ప మాల వేయిస్తే అంతా సర్దుకుంటుందని మీ అమ్మ అంటోంది. నలుగురం వెళ్లి ఎత్తుకొద్దామని మీ బాబాయి అంటున్నాడు. తెలిసిన పాస్టరుగారు ఒక ఆశ్రమం పేరు చెప్పారు. వీటిలో ఏది చేయాలి, వదిన తిరిగి వస్తుందా అని మీ ప్రశ్న.

నాది గుత్తి వైపు. కలాసిపాళ్యంలో, మార్కెట్టు ఫ్లైఓవరు కింద ఒకప్పుడు నేనూ పడుకున్నవాణ్ణే. ఇప్పుడు చాలా ఏళ్లుగా ఒక షెల్టరులో కేర్‌టేకరుగా ఉన్నాను. అనంతపురం, కర్నూలు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మనవాళ్లను చూడని వారం ఉండదు. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ ఇంటికి సరిపోయేది తీసుకోండి.

ముందు బాబాయిగారి ఆలోచన మానుకోండి. నలుగురు మగవాళ్లు వెళ్లి వ్యానెక్కిస్తే ఆయన వస్తాడు, రాక ఏం చేస్తాడు! వారం పది రోజులు ఇంట్లో ఉంటాడు. తర్వాత ఒకరోజు చీకటితోనే బస్సెక్కుతాడు, ఈసారి మీకు తెలిసిన చోట దిగడు. యశ్వంతపురమో, హోసూరో, తిరుపూరో. ఇప్పుడు కనీసం ఎక్కడున్నాడో మీకు తెలుసు. ఆ ఒక్క ఆధారం పోగొట్టుకోవద్దు.

ఇల్లుండగా రోడ్డు మీద ఎందుకు పడుకుంటాడని మీకు అర్థం కావడం లేదన్నారు. మెజెస్టిక్‌లో ఆయనకు అప్పులవాళ్లు లేరమ్మా. ఊళ్లో కాలు పెడితే టీ అంగడి దగ్గర ఒకడు, సొసైటీ దగ్గర ఒకడు. వాళ్లు అడగకపోయినా ఆయనకు అడిగినట్టే ఉంటుంది. కారు లోనుకు పూచీ సంతకం పెట్టింది మీ మామో, బావో అయ్యుంటారు, కనుక్కోండి. చాలా ఇళ్లలో అదే అసలు ముల్లు. ఫైనాన్సు వాళ్లు ఆ సంతకం పెట్టిన మనిషి గుమ్మం ముందు నిలబడి అరిచిన రోజునుంచి ఈయన తల ఎత్తలేడు.

ఇక ఆయన రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, మీరు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. రాత్రి చివరి బస్సుల హడావుడి తగ్గేదాకా పడుకోవడం కుదరదు. కన్ను మూతపడే వేళకు సెక్యూరిటీవాడు లాఠీతో నేల మీద తట్టి లేపుతాడు. చెప్పులు కవర్లో చుట్టి తల కింద పెట్టుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి ఉండవు. ఆధారు, లైసెన్సు పాలిథిన్ సంచిలో పెట్టి నడుముకు కట్టుకున్నా నిద్రలో బ్లేడుతో కోసుకుపోతారు. ఫోను సాధారణంగా అందరికంటే ముందు పోతుంది. పొద్దున డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి దగ్గర క్యూ. చేతిలో చిల్లర ఉంటే ఇందిరా క్యాంటీన్. 2017 ఆగస్టులో మొదలైనప్పుడు టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు పెట్టారు. కాబట్టి బెంగళూరులో ఆకలితో చచ్చిపోతాడేమో అని మీ అమ్మ ఏడవక్కర్లేదు. గుళ్లలో ప్రసాదం ఉంటుంది, హలసూరు గురుద్వారాలో లంగరు, అంటే ఉచిత భోజనం, ఉంటుంది. పెళ్లిళ్ల కాలంలో క్యాటరింగు మేస్త్రీలు మెజెస్టిక్, మార్కెట్టు దగ్గరకే వచ్చి వడ్డనకు మనుషుల్ని ఏరుకుని తీసుకెళ్తారు. తెల్ల చొక్కా వాళ్లే ఇస్తారు. ఆ రాత్రికి కడుపునిండా భోజనం, చేతికి కూలి.

అన్నం దొరుకుతుంది. దొరకనిది ఏమిటంటే, "ఈ మనిషి నాకు తెలుసు" అని చెప్పే నోరు. పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, మంచం కావాలంటే ఆధారు, ఇంకొకరి ఫోను నంబరు అడుగుతారు. సెక్యూరిటీ ఏజెన్సీవాడు ఇద్దరి పేర్లు చెప్పమంటాడు. డ్రైవరుగా పెట్టుకునే ఓనరు పాత ఓనరుకు ఫోన్ చేస్తాడు. గది అద్దెకు కావాలంటే అడ్వాన్సు. బెంగళూరులో పది నెలల అద్దె ముందే కట్టించుకోవడం పాత అలవాటు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. రెండు నెలలకు మించొద్దని 2021 నాటి నమూనా అద్దె చట్టంలో రాశారు గానీ ఏ ఓనరుకు చూపిస్తారు ఆ కాగితం? ఎనిమిది వేల గదికి పాత లెక్కన ఎనభై వేలు. రోడ్డు మీదున్నవాడు ఎన్నాళ్లు వడ్డన చేస్తే ఎనభై వేలు కూడుతుంది? ఆయన మంచి డ్రైవరే కావచ్చు, బెంగళూరు సందుగొందులన్నీ తెలిసినవాడే కావచ్చు. కానీ ప్రతి గుమ్మం దగ్గరా అడిగేది ఒక్కటే, నీకు తెలిసినవాళ్లు ఎవరున్నారని. మీరు, గుడి, ఊరివాళ్లు, ఎవరు చేసే సాయమైనా ఆ ప్రశ్నకు జవాబుగా పనికొస్తే ఆయన లేస్తాడు. రోజుకో అన్నం పొట్లం ఇచ్చి వెళ్తే అక్కడే ఉంటాడు, కాస్త లావవుతాడు.

మీరు ఇంటి దగ్గర నుంచే చేయగలిగిన పని ఒకటుంది, ఎవరికీ తోచదు. ఆయన పాత సిమ్ నంబరుకు ఈరోజే రీచార్జి చేయించండి. ఫోను పోయినా సరే. తొంభై రోజులు వాడకం లేకపోతే నంబరు పోతుంది, ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఆధారు, బ్యాంకు, లైసెన్సు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి, ఓటీపీ రాకపోతే ఏదీ కదలదు. నంబరు బతికుంటే కంపెనీ స్టోరుకు వెళ్లి ఆయన వేలిముద్రతో డూప్లికేట్ సిమ్ తీసుకోవచ్చు. ఇప్పటికే చచ్చిపోయి ఉంటే కంగారు పడకండి, ఆధారు సేవా కేంద్రంలో వేలిముద్రలతో ఆధారు వెతికి ప్రింటు తీసి ఇస్తారు, అక్కడే కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. ఇంట్లో బీరువాలో ఆయన పదో తరగతి మార్కుల కాగితం, లైసెన్సు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు ఉంటాయి, వెతికి ఫోటోలు తీసి మీ ఫోన్లో పెట్టుకోండి. ఒరిజినల్స్ మాత్రం ఆయన చేతికి ఇవ్వొద్దు, ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు కదా.

అప్పుల దగ్గరికి మీరు వెళ్లాలి, ఆయన కాదు. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చినవాళ్లను ఒక్కొక్కరినే కలవండి. అందరినీ రచ్చబండ దగ్గర కూర్చోబెడితే ఒకరిని చూసి ఒకరు బిగుస్తారు. మనిషి బతికున్నాడు, పనిలో పడగానే అసలు కట్టుకుంటాం, వడ్డీ ఆపండని అడగండి. మనిషే కనబడకుండా పోతే పైసా రాదని వాళ్లకూ తెలుసు, ఎక్కువమంది ఒప్పుకుంటారు. కారు ఫైనాన్సు కంపెనీని వేలం లెక్క కాగితం మీద ఇవ్వమని అడగండి: బండి ఎంతకు అమ్మారు, ఇంకా ఎంత బాకీ చూపిస్తున్నారు. ఒక మొత్తానికి ఒప్పుకుని బాకీ తేల్చుకునే వన్ టైమ్ సెటిల్‌మెంటుకు లోక్ అదాలత్ మంచి చోటు, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. పూచీ సంతకం పెట్టిన మనిషికి ఈ మాట చెప్పండి, ఆయనకు కొంత ధైర్యం వస్తుంది.

తర్వాత వెళ్లి కలవండి. మీరొక్కరే, మహా అయితే ఆయన చిన్ననాటి స్నేహితుడు తోడుగా. మీ అమ్మను ఇప్పుడే తీసుకెళ్లొద్దు, ఆమె ఏడుపు ఆయన తట్టుకోలేడు, లేచి వెళ్లిపోతాడు. ఒక లుంగీ, తువ్వాలు, చొక్కా, చెప్పులు తీసుకెళ్లండి. అన్నం కట్టుకెళ్లొద్దు. మామూలు హోటల్లో ఎదురెదురుగా కూర్చుని తినండి. వెయిటరు వచ్చి "ఏం కావాలి సార్" అని ఆయన్ని అడగడం చాలా రోజుల తర్వాత జరిగే సంగతి. ఎందుకిలా చేశావని అడగొద్దు. ఇంటికి రమ్మని కూడా ఆ రోజు అడగొద్దు. సిమ్ తీసుకుందాం, ఈ రాత్రికి షెల్టరులో పడుకో, ఆదివారం ఫోన్ చేస్తా. అంతే. ఆదివారం చేస్తానంటే చేయాలి మరి, ఏ పనున్నా సరే.

షెల్టరు అనగానే ఆయన జడుసుకోవచ్చు, దానికి కారణముంది. కర్ణాటకలో 1975 నాటి భిక్షాటన నిషేధ చట్టం కింద రోడ్డు మీదవాళ్లను పట్టుకెళ్లి మాగడి రోడ్డు సుమనహళ్లిలోని నిరాశ్రితుల కేంద్రంలో పెడతారు. మెజెస్టిక్‌లో పడుకునే ప్రతివాడికీ ఆ బండి భయం ఉంటుంది. అది వేరు, కార్పొరేషను నైట్ షెల్టరు వేరు. 2010 చలికాలంలో ఢిల్లీ రోడ్ల మీద మనుషులు చనిపోతుంటే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకొక షెల్టరు ఉండాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కూడా అదే లెక్క పెట్టుకుంది: ఇరవై నాలుగు గంటలూ తెరిచుండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, మంచం, నీళ్లు, మరుగుదొడ్డి, సామాను పెట్టుకోను లాకరు. మొన్నటిదాకా నగరపాలక సంస్థ బీబీఎంపీ చూసేది, 2025 నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లయ్యాయి కాబట్టి వార్డు ఆఫీసులో అడగండి. రాసుకున్నవన్నీ అన్నిచోట్లా ఉంటాయని నేను చెప్పను. కొన్నిచోట్ల నల్లులుంటాయి, కొన్నిచోట్ల లాకరుకు తాళం మనమే తెచ్చుకోవాలి. కానీ ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి నడిచి వెళ్లగలడు, ఎవరూ ఆపరు. ఆ మాట మీరే ఆయనకు చెప్పండి.

షెల్టరుకు ఇంకో విలువుంది. గుర్తింపు ఉన్న షెల్టరు నిర్వాహకుడు నిర్ణీత ఫారంలో సంతకం పెడితే దాన్ని ఆధారు చిరునామాకు రుజువుగా తీసుకుంటారు. ఓటు హక్కు కూడా పోదు. ఇల్లు లేనివాళ్ల విషయంలో బూతు స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఈ మనిషి నిజంగా ఇక్కడే పడుకుంటున్నాడా అని చూసుకుని పేరు రాసుకోవాలని ఎన్నికల సంఘం నిబంధన. రేషను గురించి కూడా అడిగారు. మీ బియ్యం కార్డులో పేరుంటే ఒకే దేశం ఒకే రేషను కింద బెంగళూరులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, నిజమే. తీసుకుని వండుకునేదెక్కడ? ఆ పని గది దొరికాక చూసుకుందాం.

ఊళ్లో పరువు పోయిందని రాశారు. 2011 జనగణనవాళ్లు ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. పేవ్‌మెంట్లు, ఫ్లైఓవర్ల కింద, సిమెంటు పైపుల్లో, గుడి మంటపాల్లో, ప్లాట్‌ఫారాల మీద అన్నీ కలిపి 17.73 లక్షల మంది తేలారు. వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట చెల్లెళ్లున్నారు.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. అయ్యప్ప మాలను నేను తేలిగ్గా తీసుకోను. దాని బలం నేను కళ్లారా చూశాను. నిన్నటిదాకా "ఏయ్, లేవరా" అనిపించుకున్న మనిషిని నల్ల బట్టలు కట్టగానే చిన్నా పెద్దా అందరూ "స్వామీ" అంటారు. మాటలో మర్యాద వస్తే మనిషి నడుములో నిటారుతనం వస్తుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం మళ్లీ స్నానం, భజన. రోజంతా పనే. ఇంటివాళ్లు గుమ్మంలో నిలబడి కాళ్లు కడిగి భోజనానికి పిలుస్తారు. నేల మీద పడుకోవడం నియమం కాబట్టి, నేల మీద పడుకోవడం ఆ నలభై ఒక్క రోజులూ సిగ్గుపడాల్సిన సంగతి కాదు. పీఠంలో పదిమందితో ఉంటాడు, వంటలో చేయి వేస్తాడు. ఏ కౌన్సెలింగూ ఇంత తొందరగా ఇది చేయలేదు.

కానీ రెండు చోట్ల ఇది తిరగబడుతుంది. ఒకటి మొదట్లోనే. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు మాల వేసిన రోజు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడంతో ఆగదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, లేనివి కనబడి కేకలు పెట్టొచ్చు, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు స్వామి పూనాడనో, మాలకు అపచారం జరిగిందనో అనుకుని విభూతి పెడుతూ కూర్చుంటారు. అది మందు దిగే లక్షణం, ఆసుపత్రి పని. అందుకే మాలకు ముందే డాక్టరుకు చూపించండి. బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వాసుపత్రి నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం ప్రత్యేకంగా ఉంది, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనూ చూస్తారు. వారం పది రోజులు మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి దించుతారు. ఆ తర్వాత మాల వేయండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండోది నలభై రెండో రోజు. ఇరుముడి దించారు, మాల తీశారు, గురుస్వామి తన ఇంటికి, మిగతా స్వాములు తమ ఇళ్లకు. మీ అన్న ఎక్కడికి? నల్ల బట్టలు తీసిన రోజు సాయంత్రమే మళ్లీ తాగిన వాళ్లను చూశాను, నియమం సడలిందని కాదు, వెళ్లే చోటు లేక. కాబట్టి మాల వేసే ముందే గురుస్వామితో మాట్లాడండి. నలభై ఒక్క రోజుల దీక్ష పూర్తయ్యేలోపు పని, పడక చూపించే బాధ్యత ఆ గుంపుదేనని గట్టిగా అడగండి. గుంపులో లారీ ఓనరుంటాడు, హోటలువాడుంటాడు, పీజీ నడిపేవాడుంటాడు. నలభై ఒక్క రోజులు పక్కన కూర్చుని భజన చేసిన మనిషికి వాళ్లు పూచీ పడతారు. శబరిమల యాత్రతో పాటు మీకు దక్కే పెద్ద ఫలం అదే. మీకిది లౌక్యం అనిపిస్తే అనిపించనీండి.

మాలే వేయాలని కూడా లేదు. మా దగ్గర పులివెందుల వైపు ఆయన ఒకాయన ఉండేవాడు. మాట తక్కువ. పక్క వీధి గుడిలో అన్నదానం అయ్యాక వెనక దొడ్లో పెద్ద గుండిగలు తోమడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. బూడిద, కొబ్బరిపీచు పెట్టి లోపలికి సగం దూరి తోమేవాడు. కొన్నాళ్లకు భక్తులు అటు వచ్చి "ఈయనెవరు" అని అడిగితే పూజారిగారు "మా మనిషే" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఒక కల్యాణమంటపంలో స్టోరు తాళాలు ఆయన చేతికొచ్చాయి. క్యూలో నిలబడి ప్రసాదం తిన్నంతకాలం ఆ పూజారిగారికి ఈయన మొహం కూడా గుర్తులేదు. చర్చిలో కుర్చీలు వేసేవాడికైనా, మసీదులో రంజాను గంజి వండేచోట నీళ్లు మోసేవాడికైనా ఇంతే. దేవుడి దగ్గర చేయి చాపేవాళ్లు వందమంది. చేయి కలిపేవాడి పేరు నలుగురికి తెలుస్తుంది. మీ అన్నకు ఎక్కడ మనసొప్పితే అక్కడికి పంపండి. మతం మారతాడేమోనని ఇప్పుడు గొడవ పెట్టుకోవద్దు, అది తర్వాత తేలే విషయం.

పాస్టరుగారు చెప్పిన ఆశ్రమం మంచిదే కావచ్చు. ఆయన మీకు మేలు కోరే చెప్పారు. కానీ చేర్చే ముందు మీరే వెళ్లి చూడండి. బయటికి వెళ్తానంటే పంపిస్తారా? మీతో ఫోన్లో విడిగా మాట్లాడనిస్తారా? డాక్టరు వస్తాడా? ఆధారు, ఏటీఎం కార్డు వాళ్ల దగ్గర పెట్టుకుంటామంటున్నారా? తలుపులకు బయట గడియ ఉందా? ఎవరినైనా కట్టేసి ఉంచడం కంటబడితే ఇక మాట్లాడకుండా వచ్చేయండి. తమిళనాడులో ఏర్వాడి దర్గా ఊళ్లో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది ఇంటివాళ్లే, దైవం మీద నమ్మకంతోనే. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఊరివాళ్ల సాయం గురించి. కుల సంఘాన్ని అడగమని మీకు ఎవరో చెప్పారట, అడగండి, తప్పులేదు. డబ్బున్న కులానికి హాస్టలుంటుంది, సత్రముంటుంది, మిగతావాళ్లకు లెటర్‌హెడ్ ఉంటుంది. నా అనుభవంలో అంతకంటే పనికొచ్చేది మీ మండలం నుంచి బెంగళూరు వచ్చి నిలదొక్కుకున్న మనిషి. మారతహళ్లి, బీటీఎం వైపు పీజీలు నడిపేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. పీజీలో పనికి చేరితే భోజనం, పడక, కొంత జీతం ఉంటాయి, అడ్వాన్సు గొడవ ఉండదు. రోడ్డు మీద నుంచి లేచినవాడికి మొదటి మెట్టుగా అంతకంటే సులువైంది లేదు. అయితే దాన్ని మొదటి మెట్టుగానే చూడాలి. పడక పనితో ముడిపడితే, ఓనరుతో మాటామాటా వచ్చిన రాత్రి రెండూ ఒకేసారి పోతాయి, మనిషి మళ్లీ మెజెస్టిక్‌కే వస్తాడు. అలా తిరిగొచ్చిన వాళ్లే మా షెల్టరులో ఎక్కువ. కాబట్టి మొదటి నెల నుంచే కొంత వేరే దాచాలి. మీరు సాయం చేయదలిస్తే ఆయన చేతికి డబ్బివ్వకండి. ఆయన నెలనెలా మీకు పంపేదానికి మీరు అంతే కలిపి అడ్వాన్సు కోసం పోస్టాఫీసులో వేయండి, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వండి. గది దొరికాకే కారు స్టీరింగు దగ్గరికి. నిద్రలేని, ఇంకా మందు పూర్తిగా వదలని డ్రైవరును బండెక్కించొద్దు, ఆయన ఎంత బతిమాలినా.

ఇంకొకటి. మెజెస్టిక్‌లో "నీ పేరు మీద బ్యాంకు అకౌంటు తెరువు, ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు, కొన్ని వేలిస్తాం" అని తిరిగేవాళ్లున్నారు. సైబరు మోసాల డబ్బు ఆ అకౌంట్ల గుండా పోతుంది, చివరికి పోలీసులు వచ్చేది అకౌంటు ఎవరి పేరు మీదుందో వాళ్ల కోసం. మీ అన్న ఇప్పటికే అలా ఏదైనా ఇచ్చాడేమో మెల్లగా కనుక్కోండి. ఇచ్చి ఉంటే బ్యాంకుకు వెళ్లి అకౌంటు ఆపించి, సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

ఇంటికి ఎప్పుడు తీసుకురావాలి? జీతం వచ్చిన తర్వాత. ఎంతైనా సరే, తన డబ్బుతో అమ్మకు ఏదో ఒకటి కొనుక్కుని బస్సెక్కే స్థితిలో. ఉగాదికనో కదిరి తేరుకనో మాత్రం పిలవకండి. తేరు రోజు ఊరంతా ఇంట్లోనే ఉంటుంది, చుట్టాలు ప్రతివాళ్లూ "ఏమప్పా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్" అంటారు. ఏమీ లేని మామూలు బుధవారమో గురువారమో రమ్మనండి. రెండ్రోజులుండి వెళ్లిపోనివ్వండి. ఉండిపొమ్మని పట్టు పట్టొద్దు, వెళ్లి మళ్లీ రాగలిగితే చాలు.

చివరగా వదిన. మా అన్న మారిపోయాడు, రా అని ఆమెకు ఫోన్ చేయొద్దు. ఆ మాట ఆమె ఇదివరకు చాలాసార్లు విని ఉంటుంది. వస్తుందో రాదో నేను చెప్పలేను, ఆమె దగ్గర కూడా ఇప్పుడు జవాబుండదు. మొదటి జీతంలోంచి ఐదువందలైనా సరే, బిడ్డ ఖర్చుకని నేరుగా ఆమె అకౌంటులో వేయమనండి. నెలనెలా అదే తేదీకి పడాలి. ఆమె ఫోన్ చేసినా చేయకపోయినా ఆపకూడదు. బిడ్డతో మాట్లాడటం మాత్రం వదిన ఒప్పుకుంటే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, మీ ఫోన్ నుంచే కలపండి. వీడియో కాల్ వద్దు, ఆ గడ్డం, ఆ మొహం చూస్తే పసిపిల్ల బెదురుతుంది. మధ్యాహ్నం పూట చేయించండి, సాయంత్రమైతే ఆయన తాగి ఉంటాడు.